నార్మన్లు ఇంగ్లీషును ఏం చేశారు?

మొదటివారు: ఇంగ్లీషు చరిత్రలో ఒక్క తేదీ మాత్రమే గుర్తుపెట్టుకోవాలంటే అది 1066 అక్టోబరు 14. ఆ రోజు హేస్టింగ్స్ దగ్గర యుద్ధంలో హెరాల్డ్ రాజు చనిపోయాడు. ఆ క్రిస్మస్ నాడే నార్మండీ ప్రభువు విలియం వెస్ట్‌మినిస్టర్‌లో పట్టం కట్టుకున్నాడు. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి, 1086లో, రాజ్యంలోని భూముల లెక్క రాయిస్తే ఆ డూమ్స్‌డే పుస్తకం లాటిన్‌లో తయారైంది. రాజు దగ్గర నుంచి నేరుగా పెద్ద భూములు పొందినవాళ్ళలో ఇంగ్లీషువాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. చర్చికి లాటిన్, కొలువుకి ఫ్రెంచి, పొలానికి ఇంగ్లీషు మిగిలాయి.

అంతకుముందు అది ఒట్టి పొలం భాష కాదు. ఆల్ఫ్రెడ్ రాజు తొమ్మిదో శతాబ్దంలోనే లాటిన్ గ్రంథాలను ఇంగ్లీషులోకి తెప్పించాడు, చట్టాలు ఆ భాషలోనే రాయించాడు. ఆనాటి బేవుల్ఫ్ కావ్యాన్ని ఇవాళ్టి ఇంగ్లీషువాళ్ళు పరాయి భాషలా పనిగట్టుకుని నేర్చుకుంటే తప్ప చదవలేరు. కవి చాసర్‌నైతే కాస్త టీకా ఉంటే చదువుకుంటారు. ఈ రెంటి మధ్య ఒక భాష పోయి ఇంకో భాష వచ్చింది. తెచ్చినవాళ్ళు నార్మన్లు.

రెండోవారు: బేవుల్ఫ్ రాతప్రతి సుమారు 1000 నాటిది. చాసర్ పోయింది 1400లో. నాలుగు వందల ఏళ్ళలో మారని భాష ఎక్కడుంది? మారడం వేరు, పుట్టుక మారిపోవడం వేరు.

నేటి ఇంగ్లీషులో అందరూ ఎక్కువగా వాడే వంద మాటలు తీసి చూడండి. దాదాపు అన్నీ జర్మానిక్ మూలానివే. అంకెలు, సర్వనామాలు, మన విభక్తుల పని చేసే ‘ఆఫ్’, ‘ఇన్’, ‘టు’, సహాయక్రియలు, తల్లీ తండ్రీ, నీరూ నిప్పూ, తినడం తాగడం, అన్నీ పాత ఇంటివే. ‘సింగ్, సాంగ్, సంగ్’ అంటూ క్రియలోపలి అచ్చును మార్చి కాలాన్ని చెప్పే పద్ధతి జర్మన్‌లోనూ ఉంది. క్రైస్తవులు రోజూ చెప్పే పరలోక ప్రార్థనను ఇంగ్లీషులో వినండి. ‘ట్రెస్పాసెస్’, ‘టెంప్టేషన్’, ‘డెలివర్’, చివర్లో ‘పవర్’, ‘గ్లోరీ’. బయటి నుంచి వచ్చిన మాటలు దాదాపు అంతే. దేవుడితో మాట్లాడేటప్పుడు బయటపడేదే అసలు భాష అనుకుంటే, అది నార్మన్లది కాదు.

మొదటివారు: వంద మాటలతో ప్రార్థన చెయ్యవచ్చు, రాజ్యం నడపలేరు. 1973లో ఫింకెన్‌స్టాట్, వోల్ఫ్ అనే ఇద్దరు పండితులు సుమారు 80,000 ఇంగ్లీషు మాటల మూలాలు లెక్కగట్టారు. ఫ్రెంచి నుంచి వచ్చినవి సుమారు 28 శాతం, లాటిన్ నుంచి మరో 28 శాతం, జర్మానిక్ మూలానివి 25 శాతం. గవర్నమెంట్, పార్లమెంట్, కోర్టు, జడ్జి, జ్యూరీ, టాక్స్, రెంట్, సర్వెంట్, అన్నీ ఫ్రెంచి నుంచి వచ్చినవే.

మాటలే వచ్చాయనుకుంటే పొరపాటు. మాటలను తయారుచేసే పనిముట్లూ వచ్చాయి. ఫ్రెంచి ప్రత్యయం ‘ఏబుల్’ను నాటు క్రియలకు తగిలించి ‘డ్రింకబుల్’, ‘రీడబుల్’ అన్నారు. నాటు ప్రత్యయం ‘ఫుల్’ను ఫ్రెంచి మాటలకు తగిలించి ‘గ్రేస్‌ఫుల్’, ‘బ్యూటిఫుల్’ అన్నారు. అతుకు కనపడకుండా ఇటుదీ అటుదీ కలిసిపోయింది. ధ్వనులదీ అదే వరస. పాత ఇంగ్లీషులో ‘ఫ’, ‘వ’ రెండూ ఒకే ధ్వనికి రెండు రూపాలు. మాట మొదట ఉంటే ‘ఫ’, అచ్చుల మధ్య పడితే ‘వ’. ఫ్రెంచి నుంచి ‘వైన్’ (ద్రాక్షతీగ) లాంటి మాటలు వచ్చాకే ‘ఫైన్’కీ ‘వైన్’కీ తేడా తెలియవలసిన అవసరం పడింది. భాష పైపైన తడిసిందంటే ధ్వనుల లెక్క మారుతుందా?

రెండోవారు: ఈ ప్రశ్నకు జవాబు ఇంగ్లండులో వెతకనక్కర్లేదు. 1816లో మద్రాసులో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఇచ్చాడు. క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ఎల్లిస్ ముందుమాట రాస్తూ, తెలుగు సంస్కృతం నుంచి పుట్టిందన్న వాదాన్ని ఖండించాడు. తత్సమం, తద్భవం, దేశ్యం అన్న మన విభజననే, మచిలీపట్నం పండితుడు మామిడి వెంకయ్య ‘ఆంధ్ర దీపిక’ నుంచే, తీసుకుని వాదించాడు. తెలుగు ధాతువులను తమిళ, కన్నడ ధాతువుల పక్కన పేర్చి చూపించాడు. కావ్యంలో పదికి ఏడు మాటలు సంస్కృతమే కావచ్చు. అయినా తెలుగు ద్రావిడ భాషే. ఎందుకంటే మాటలు అరువు తెచ్చుకోవచ్చు, వాటిని కూర్చే కట్టుబాటు ఇంటిదే.

ధ్వనుల సంగతంటారా, ‘ఖ’, ‘ఘ’, ‘ధ’, ‘భ’ లాంటి మహాప్రాణాలు తెలుగు అక్షరమాలకు సంస్కృతంతోనే వచ్చాయి. అంతమాత్రాన తెలుగు ఇల్లు మారిందని ఎవరూ అనరు. తెలుగుకి ఒప్పుకున్న న్యాయం ఇంగ్లీషుకి ఎందుకు వర్తించదు?

మొదటివారు: వర్తింపజేసి చూద్దాం. అక్కడే మీ వాదం తిరగబడుతుంది. తెలుగు సంస్కృత పదాలను తెచ్చుకుని తన డు, ము, వు, లు ప్రత్యయాలు తగిలించింది. ని, కి, తో, లో కలిపింది. ‘రాముడు రావణుణ్ణి చంపాడు’ అన్నా, ‘రావణుణ్ణి రాముడు చంపాడు’ అన్నా చచ్చింది రావణుడే. ఆ ‘ణ్ణి’ అర్థాన్ని పట్టుకుని ఉంటుంది. పాత ఇంగ్లీషులోనూ అంతే. నామవాచకాలకు విభక్తి ప్రత్యయాలు ఉండేవి, మాటలు అటూ ఇటూ జరిగినా అర్థం చెడేది కాదు. మూడు లింగాలు ఉండేవి. సూర్యుడు స్త్రీలింగం, చంద్రుడు పుంలింగం, భార్య అనే అర్థమున్న మాట నపుంసకలింగం.

ఇప్పుడు ఏదీ? ఇవాళ ఇంగ్లీషులో చంపినవాడి పేరు ముందు, చచ్చినవాడి పేరు వెనక రావాలి. తారుమారైతే రావణుడే రాముణ్ణి చంపుతాడు. లింగాలు పూర్తిగా పోయాయి. మీ ఎల్లిస్ కొలబద్దతోనే కొలిచినా, మాటలతో పాటు కట్టుబాటు కూడా కూలిన భాష ఇది.

రెండోవారు: కూలిన మాట నిజం. కూల్చింది ఎవరన్నదే తగాదా.

పదో శతాబ్దంలో ఆల్డ్రెడ్ అనే మతాధికారి లిండిస్‌ఫార్న్ సువార్తల లాటిన్ వరసల మధ్య ఇంగ్లీషులో మాటకు మాట అర్థం రాశాడు. హేస్టింగ్స్‌కు వంద ఏళ్ళ ముందు సంగతి అది. ఆ ఉత్తరాది ఇంగ్లీషులో అప్పటికే ప్రత్యయాలు తడబడుతున్నాయి, లింగాలు కలగాపులగం అవుతున్నాయి. ఆ ప్రాంతాల్లో వైకింగుల రాకపోకలు 793 నుంచీ ఉన్నాయి. తర్వాత వాళ్ళు ఊళ్ళు కట్టుకుని స్థిరపడ్డారు, ఇంగ్లీషువాళ్ళతో వియ్యమందారు. వాళ్ళ నార్స్ భాషలోనూ ఇంగ్లీషులోనూ ధాతువులు దగ్గర దగ్గరగా ఉంటాయి, చివరి ప్రత్యయాలే వేరు. సంతలో గొర్రెను బేరమాడే ఇద్దరు మొదట వదిలేసేది ఆ తోకలనే.

ఇంకో సాక్ష్యం ఉంది. పన్నెండో శతాబ్దం చివర లింకన్‌షైర్ ప్రాంతంలో ఓర్మ్ అనే సన్యాసి సువార్తల మీద దాదాపు 19,000 పాదాల పద్యగ్రంథం రాశాడు. నార్మన్లు వచ్చి వందేళ్ళు దాటింది. అందులో ఫ్రెంచి మాటలు బహు అరుదు. కానీ ప్రత్యయాలు అప్పటికే చాలావరకు రాలిపోయి ఉన్నాయి. అదే 1340లో కెంట్‌లో, ఫ్రాన్సుకు ఎదురుగుండా ఉన్న సీమలో, ఫ్రెంచి నుంచే అనువాదం చేసిన ‘అయెన్‌బైట్ ఆఫ్ ఇన్‌విట్’లో పాత ప్రత్యయాలు ఇంకా వేలాడుతూ కనిపిస్తాయి. ఫ్రెంచివల్లే వ్యాకరణం పోయి ఉంటే, ఫ్రాన్సు పక్కన ముందు పోవాలి, లింకన్‌లో ఆఖర్న పోవాలి. జరిగింది అందుకు సరిగ్గా తలకిందులు.

మొదటివారు: ఓర్మ్ సాక్ష్యం గట్టిదే, కాదనడానికి లేదు. ప్రత్యయాలు తమంతట తాము రాలడం 1066కు ముందే మొదలైందన్నది కూడా ఒప్పుకోవలసిందే. కానీ పగులు ఉండటం వేరు, గోడ పడటం వేరు.

ఆనాడు ఇంగ్లండులో వించెస్టర్ కేంద్రంగా ఒక రాతభాష ఉండేది. బిషప్ ఎథెల్‌వోల్డ్, అతని శిష్యుడు ఎల్ఫ్రిక్ దాన్ని దిద్దితీర్చారు. ఎక్కడో ఉన్న మఠాల్లోనూ, సొంత యాస ఏదైనా, రాతకు వచ్చేసరికి ఆ భాషే రాసేవారు. దాన్ని కాపాడుతున్నవాళ్ళు మఠాధిపతులూ బిషప్పులూ. విలియం వచ్చాక ఆ పదవుల్లోకి నార్మన్లు వచ్చారు. 1095లో వుస్టర్ బిషప్ వుల్ఫ్‌స్టాన్ చనిపోయేనాటికి ఆ తరం ఇంగ్లీషు బిషప్పుల్లో మిగిలింది అతనొక్కడే. తప్పొప్పులు చెప్పేవాడు లేని భాష ఎటు పోతుందో ఇంగ్లీషు అటే పోయింది. నార్మన్లు ఇంగ్లీషును దిద్దలేదు, పట్టించుకోవడం మానేశారు. అదే అసలు దెబ్బ.

రెండోవారు: ఈ వాదం మొదటిదానికన్నా మెరుగ్గా ఉంది, సందేహం లేదు. అయితే ఇది నార్మన్లు తెచ్చిన భాష గురించి కాకుండా, వాళ్ళు తీసేసిన కాపలా గురించి మాట్లాడుతోంది. కాపలా తీసేయకుండానే పడిపోయిన గోడలు పక్క దేశాల్లో ఉన్నాయి. డచ్చివాళ్ళ మీద ఏ నార్మన్ రాజూ దండెత్తలేదు. మధ్యయుగాల్లో డెన్మార్క్, స్వీడన్ దేశాలను ఏ ఫ్రెంచి ప్రభువూ ఏలలేదు. ఆ భాషల్లో కూడా నామవాచకాల విభక్తి ప్రత్యయాలు దాదాపు అన్నీ పోయాయి. జర్మానిక్ భాషల్లో మాట మొదటి అక్షరం మీద ఊనిక పడుతుంది, చివర నలిగిపోతుంది. ఆ నలుగుడు అన్ని చోట్లా జరిగింది.

మొదటివారు: విభక్తులు పోయాయి, సరే. లింగాలు? డచ్చిలో రెండు లింగాలు నేటికీ ఉన్నాయి. డేనిష్‌లో రెండు, స్వీడిష్‌లో రెండు. పూర్తిగా పోగొట్టుకున్నది ఇంగ్లీషు. ఆ తర్వాత ఆఫ్రికాన్స్. అది డచ్చి భాష దక్షిణాఫ్రికాలో వేరే జనాల నోళ్ళలో పడి తయారైన రూపం. భాష పరాయివాళ్ళ మధ్య నలిగిన చోటే లింగం కూడా ఊడిపోతోందన్నమాట.

అందుకే 1977లో బెయిలీ, మారోల్ట్ అనే భాషావేత్తలు మధ్యయుగపు ఇంగ్లీషు ఒక క్రియోల్ అన్నారు. రెండు భాషల వాళ్ళు తప్పనిసరై కలిసినప్పుడు పుట్టే కొత్త భాష అది, పాతదానికి కొనసాగింపు కాదు.

రెండోవారు: క్రియోల్ పుట్టాలంటే జనం తమ భాషను వదిలి, సగం సగం వచ్చిన ఇంకో భాషను పట్టుకోవాలి. ఇంగ్లండులో ఏ రైతు ఇంగ్లీషును వదిలాడు? వచ్చిన నార్మన్లు జనాభాలో పిడికెడు. పల్లెలో పిల్లవాడు తల్లి దగ్గర నేర్చుకున్నది తల్లి నేర్చుకున్న భాషనే. 1988లో థామసన్, కాఫ్‌మన్ ఈ క్రియోల్ వాదాన్ని తీసుకుని పొరలు పొరలుగా విప్పారు. క్రియోల్‌లో పోవలసినవి ఇంగ్లీషులో పోలేదు. ‘సింగ్, సాంగ్’ పోలేదు. ‘మౌస్’కు ‘మైస్’ అనే వంకర బహువచనం పోలేదు.

నార్మన్ ప్రభావం అనగానే అందరూ చెప్పే కథ కూడా ఇంతే. పెంచినవాడు సాక్సన్ కాబట్టి బతికున్న ఆవుకి ఇంగ్లీషు పేరు, తిన్నవాడు నార్మన్ కాబట్టి మాంసానికి ‘బీఫ్’ అనే ఫ్రెంచి పేరు. 1653లో జాన్ వాలిస్ తన వ్యాకరణంలో దీన్ని ప్రస్తావించాడు, వాల్టర్ స్కాట్ ‘ఐవన్హో’ నవలలో పెట్టాక లోకమంతా నమ్మింది. కానీ నార్మన్లు వచ్చాక శతాబ్దాల పాటు ‘బీఫ్’ అన్న మాట బతికున్న పశువుకి కూడా చెల్లింది. అంత చక్కటి విభజన వంటింట్లో తర్వాతెప్పుడో స్థిరపడింది.

మొదటివారు: క్రియోల్ అనడం శ్రుతిమించిందని ఒప్పుకోవచ్చు. బీఫ్ కథను కూడా వదిలేద్దాం. కానీ మీరు నార్మన్లను పిడికెడు మందిగా చూస్తున్నారు, వాళ్ళ మనవళ్ళను చూడటం లేదు.

1204లో జాన్ రాజు నార్మండీని పోగొట్టుకున్నాడు. అక్కడా ఇక్కడా భూములున్న ప్రభువులు ఏదో ఒక ఒడ్డు తేల్చుకోవలసి వచ్చింది. 1258లో మూడో హెన్రీ ఆక్స్‌ఫర్డ్ ఒప్పందాన్ని పాటిస్తానంటూ ఇంగ్లీషులో కూడా ప్రకటన ఇచ్చాడు. 1362లో కోర్టుల్లో వాదనలు ఇంగ్లీషులో జరగాలని చట్టం చేశారు. ఆ చట్టాన్ని రాసింది మాత్రం ఫ్రెంచిలో. 1385 నాటికి బడుల్లో పిల్లలు ఫ్రెంచి వదిలి ఇంగ్లీషులో పాఠాలు చదువుకుంటున్నారని జాన్ ట్రెవిసా రాశాడు. 1399లో నాలుగో హెన్రీ సింహాసనం నాదని ఇంగ్లీషులో చెప్పుకున్నాడు.

ఇంగ్లీషులోకి ఫ్రెంచి మాటలు వెల్లువెత్తిన కాలం సరిగ్గా ఇదే, 1250 నుంచి 1400 దాకా. ఫ్రెంచి పోతున్నప్పుడే ఫ్రెంచి మాటలు వచ్చాయి. ఎందుకంటే ప్రభువులు భాష మార్చారు, తమ సామాను వెంట తెచ్చుకున్నారు. చట్టం, వైద్యం, వంట, బట్టలు, ప్రేమ, వీటి గురించి మాట్లాడటానికి వాళ్ళకు ఇంగ్లీషు మాటలు తెలియవు. మీ ఓర్మ్‌లో ఫ్రెంచి లేకపోవడంలో వింతేముంది? దెబ్బ తగిలింది 1066లో, వాపు కనిపించింది దాదాపు రెండు వందల ఏళ్ళకు.

రెండోవారు: పదజాలం మీద పేచీ లేదు. రాజ్యం, చదువు, రుచి, వీటి మాటలు నార్మన్ల వారసులు ఇచ్చినవే. అది చిన్న మార్పేం కాదు. ఒకే ఫ్రెంచి మాట రెండుసార్లు వచ్చిన చోట్లూ ఉన్నాయి. నార్మండీ యాసలో ‘వార్డెన్’, ‘కాచ్’. పారిస్ యాసలో ‘గార్డియన్’, ‘చేజ్’. ఇంగ్లీషు రెంటినీ ఉంచుకుని వేర్వేరు పనులు అప్పగించింది.

కానీ భాష ఎముకను తాకింది వేరేవాళ్ళు. ‘దే’, ‘దెమ్’, ‘దెయిర్’ ఈ మూడూ నార్స్ సర్వనామాలు. ఒక భాష సర్వనామాన్ని అరువు తెచ్చుకోవడం ఎంత అరుదో భాషావేత్తలకు తెలుసు. ‘స్కై’, ‘స్కిన్’, ‘లెగ్’, ‘నైఫ్’, ‘విండో’, ‘టేక్’, ఇంట్లో మొగుణ్ణి పిలిచే ‘హజ్బెండ్’ కూడా వైకింగులదే. 1490లో ముద్రాపకుడు కాక్స్టన్ తన పుస్తకం ముందుమాటలో ఒక సంగతి రాశాడు. ఓడ కదలక ఆగిపోయిన వర్తకుడొకడు కెంట్‌లో ఒక ఇంటికి వెళ్ళి ‘ఎగ్స్’ కావాలన్నాడు. ఆ ఇల్లాలు తనకు ఫ్రెంచి రాదంది. ఆమెకు తెలిసిన పాత ఇంగ్లీషు మాట ‘ఐరెన్’. ‘ఎగ్స్’ నార్స్ మాట. నార్మన్లు వచ్చిన నాలుగు వందల ఏళ్ళ తర్వాత కూడా ఇంగ్లండులో వింతగా వినిపించిన మాట వైకింగులది కావడం, దాన్ని ఆమె ఫ్రెంచి అనుకోవడం! 2014లో ఎమండ్స్, ఫార్లుండ్ ఇంకో అడుగు వేసి, ఇంగ్లీషు అసలు నార్స్ సంతతే అన్నారు. అది మరీ ఎక్కువ, ఎక్కువమంది ఒప్పుకోలేదు. కానీ వాళ్ళు వేలెత్తిన చోటు సరైనది.

మొదటివారు: వైకింగుల రూపాలు లండను దాకా ఎలా వచ్చాయి మరి? 1016 నుంచి క్నూట్ ఇంగ్లండును ఏలాడు, సాక్షాత్తూ డేనిష్ రాజు. అప్పుడు కూడా పుస్తకాల్లో వించెస్టర్ ఇంగ్లీషు చెక్కుచెదరలేదు. ‘దే’ అన్న మాట పుస్తకాల్లోకి రాలేదు. రాతభాష తలుపు వేసి ఉంచింది. ఆ తలుపు 1066 తర్వాతే తెరుచుకుంది. హెరాల్డ్ గెలిచి ఉంటే, వించెస్టర్ ఇంగ్లీషే బడిలో, చట్టంలో, బైబిల్లో నడిచి ఉండేది. ఉత్తరాది మార్పులు ఉత్తరాది యాసలుగానే మిగిలేవి.

రెండోవారు: కాగితం మీద మిగిలేది. తెలుగువాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు. గ్రాంథికం పుస్తకాల్లో ఉండగానే నోటి తెలుగు తన దారిన తాను నడిచింది. చివరికి గిడుగు రామమూర్తి కాలం వచ్చేసరికి ఆ రెంటి మధ్య ఎడం ఎంత పెద్దదో అందరూ చూశారు. హెరాల్డ్ గెలిచి ఉంటే ఇంగ్లండుకూ ఒక గ్రాంథికం ఉండేది, ఒక గిడుగు కావలసి వచ్చేవాడు. జనం నాలుక మీది భాష ఇదే అయ్యేది.

మొదటివారు: ఇదే అని ఎలా చెబుతారు? గ్రాంథికం కూడా నోటి తెలుగును తనవైపు లాగింది కదా. చదువుకున్నవాళ్ళ మాట మీద రాత నీడ పడుతుంది. ఇంగ్లండులో ఆ నీడే లేకుండా పోయింది.

పీటర్‌బరో మఠం చరిత్ర పుస్తకం చూడండి. 1116లో మఠం కాలిపోయింది. సన్యాసులు ఇంకో చోటి నుంచి పాత చరిత్రను తెచ్చుకుని 1121 దాకా ఎత్తిరాశారు. అదంతా వించెస్టర్ బాణీ ఇంగ్లీషే. తర్వాతి సంవత్సరాల నుంచి సొంతంగా రాశారు. 1154 దగ్గర పుస్తకం ఆగేసరికి, అవే అట్టల మధ్య, విభక్తులు పోయాయి, లింగాలు పోయాయి, వాక్యం కొత్త వరసలోకి వచ్చేసింది. ముప్ఫై ఏళ్ళు చాలాయి. ఒక రాతభాష కూలిపోవడాన్ని ఇంత దగ్గరగా చూపించే పుస్తకం మరొకటి లేదు.

రెండోవారు: ముప్ఫై ఏళ్ళలో ఏ జనమూ మూడు లింగాలు మరిచిపోరు. ఆ సన్యాసి మరిచిపోయింది ఏమీ లేదు; చిన్నప్పటి నుంచీ తన నోట ఉన్నదే రాశాడు. పీటర్‌బరో ఉన్నది వైకింగులు స్థిరపడిన సీమలో. హేస్టింగ్స్‌కు ముందు అతని తాత సంతలో ఏం మాట్లాడి ఉంటాడో మీరే చెప్పండి.

మొదటివారు: బహుశా మనవడు రాసిన మాటలే. కానీ ఆ తాత చేతికి కలం ఇచ్చి ఉంటే వించెస్టర్ ఇంగ్లీషే రాసేవాడు, తన కొడుక్కీ అదే నేర్పేవాడు.

రెండోవారు: నేర్పేవాడే. ఆ కొడుకు ఆ పాఠం అప్పజెప్పి, ఇంటికొచ్చి తల్లిని అన్నం అడిగేటప్పుడు ఏ లింగం వాడేవాడు?